కాయలో పురుగు, చేలో సీతాకోకచిలుక

అనపకాయలు వలిచేటప్పుడు ఒక్కో కాయలో పురుగు కనిపిస్తుంది కదండీ! చీదరించుకుని కాయతోసహా పారేస్తాం. పితికిపప్పుకు గింజలు తగ్గాయే అన్నదే మన బాధ. ఆ పురుగుల్లో ఒక రకం, రెక్కలొచ్చాక నీలిరంగు సీతాకోకచిలుక అవుతుందని మనలో ఎందరికి తెలుసు?

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త తడిలోనే వేరుశనగ సాళ్ళ మధ్య కంది, అనుము, అలసంద వేస్తారు. అవి పూతకు వస్తే ఈ చిలుక వచ్చి మొగ్గలమీద గుడ్లు పెడుతుంది. రెక్కలు చాపితే మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మగది ఊదా కలిసిన నీలం. ఆడది గోధుమరంగు, రెక్కల మొదట్లో నీలిఛాయ. ఇంగ్లీషులో 'పీ బ్లూ' అంటారు. మన మెట్టచేలలోనే కాదు, హిమాలయాల పచ్చికబయళ్ళలోనూ, యూరప్‌లోనూ, ఆస్ట్రేలియాలోనూ ఉంది.

వాలినప్పుడు దాని వెనక రెక్కల చివర చూడండి. రెండు నల్లచుక్కలు, వెంట్రుకంత తోక కనిపిస్తాయి. రెక్కలు మెల్లగా రుద్దుతుంటే తోకలు మీసాల్లా కదులుతాయి. అదే తల అనుకుని పిట్ట అక్కడ పొడుస్తుంది. రెక్క ముక్క పోయినా ప్రాణం దక్కుతుంది!

పురుగుగా ఉన్నప్పుడు దీనికి కాపలా చీమలు. దాని వీపు చివరనుంచి ఊరే తియ్యని ద్రవంకోసం చీమలు వెంట తిరుగుతూ, శత్రువులను దగ్గరకు రానివ్వవు. ఈ చుట్టరికం చిన్నదేం కాదు. 'లార్జ్ బ్లూ' అనే మరో నీలిచిలుక 1979లో బ్రిటన్‌లో అంతరించిపోయింది. పశువుల మేత తగ్గి గడ్డి ఎత్తుగా పెరిగింది, నేల చల్లబడింది, దాన్ని సాకే చీమలు తగ్గిపోయాయి. చీమలతోపాటే చిలుకా పోయింది! 1983 నుంచి స్వీడన్‌నుంచి తెచ్చి, గడ్డి మేపించి, మళ్ళీ నిలబెట్టారు.

రైతుకు ఈ పురుగువల్ల నష్టం లేదనను. ఉంది. అయితే అతిగా మందు కొడితే పురుగుతోపాటు దాన్ని తినే కందిరీగలు, చీమలు కూడా చస్తాయి. అప్పుడు పురుగును అదుపులో పెట్టేవాళ్ళెవరు?

ఈసారి అనపకాయలో పొట్టిగా, బల్లపరుపుగా, తల లోపలికి దాచుకున్న పురుగు కనిపిస్తే పారేయకండి. పొడుగ్గా పాకే శనగపచ్చ పురుగు వేరు. దీన్ని కాయతోసహా గాజుసీసాలో వేసి, మూతికి పల్చని గుడ్డ కట్టండి. రోజూ ఒక తాజా కాయ వెయ్యండి. తిండి మాని కదలకుండా ఉంటే చచ్చిందనుకోకండి, రెక్కలకు సిద్ధమవుతోంది. పిల్లలకు చూపించి, చిలుక రాగానే గుడ్డ విప్పి వదిలేయండి.