పందొమ్మిదిన్నర రోజుల సంవత్సరం



"అయ్యగారూ, సూర్యునివంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం దొరికిందట గదా, ఆదికాండములో దాని మాట లేదేం?" అని చిలుకూరులో ఆరాధన ముగిశాక ఒక యౌవనస్థుడు మమ్ములను అడిగాడు. ఇంట్లో అడిగితే తిట్లు తిన్నాడట. తిట్టవలసిన ప్రశ్న కాదు.

కె2-236బి అనే ఆ గ్రహాన్ని 2018లో ప్రకటించినది మన దేశపు శాస్త్రజ్ఞులే, అహమ్మదాబాదులోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వారు. దానిని ఎవరూ కంటితో చూడలేదు. దీపం ముందు పురుగు ఎగిరినట్లు గ్రహం అడ్డం వచ్చినప్పుడల్లా నక్షత్రపు వెలుగు రవంత తగ్గేది. గ్రహపు ఆకర్షణకు నక్షత్రం కొద్దిగా ఊగేది కూడా. ఆబూ పర్వతం మీది దూరదర్శినితో ఆ ఊపును కొలిచి గ్రహపు బరువు లెక్కకట్టారు. సుమారు 27 భూములంత! వెడల్పు ఆరు భూములంత. నక్షత్రానికి బహు దగ్గర గనుక 19 రోజులన్నరకే ఒక చుట్టు తిరిగివస్తుంది. మన వరినారు నాటుకు రాకమునుపే అక్కడ ఏడాది ముగుస్తుంది. వేడి సుమారు 600 డిగ్రీలు, సీసం కరిగిపోతుంది. అక్కడ మనవంటివారు ఉండే వీలులేదు.

ఆదికాండము నక్షత్రాలన్నిటినీ ఒక్క మాటలో ముగించింది. "మన చిలుకూరు పేరూ అందులో లేదు గదా" అన్నాము. అబ్బాయి నవ్వాడు.

దూరం సుమారు 600 కాంతి సంవత్సరాలు. ఆబూలో పట్టిన వెలుగు మార్టిన్ లూథర్ పుట్టకమునుపే బయలుదేరినది.

"అయితే ఎనిమిదవ కీర్తనలో దావీదు చూసిన ఆకాశంలో అదీ ఉందా?"

ఉంది, కంటికి ఆనలేదు, అంతే.