షటిల్ ఆటకు పక్కవాటు వెలుగు

జంగారెడ్డిగూడెంలో ఒక ఇండోర్ హాలున షటిల్ ఆటను తొలిసారి ఫోటో తీసినప్పుడు మేము ఫ్లాష్‌ను కెమెరా నెత్తిననే ఉంచితిమి. ఆటగాని ముఖము సున్నము కొట్టినట్లు తెల్లబడినది. అంతకన్న విచారకరము, ఆ మెరుపునకు కాక్ కానరాక అతడొక పాయింటు పోగొట్టుకొనెను. నేరము మాదే.

పిమ్మట ఫ్లాష్‌ను వేరుచేసి, రేడియో ట్రిగ్గరు తగిలించి, కోర్టు పక్కన ఎత్తైన స్టాండుపై నిలిపితిమి. పక్కనుండి పడు వెలుగు కండరముల బిగువును చూపును. తెల్లని గోడవైపు త్రిప్పినచో కంటికి బాధ తగ్గును గాని, వెలుగు చాల ఖర్చగును. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగునని భౌతికశాస్త్ర విద్యార్థులకు చెప్పనక్కరలేదు.

కదలికను నిలుపునది షట్టరని పలువురి భ్రమ. చాల కెమెరాలలో ఫ్లాష్‌తో షట్టరు సెకనులో 1/250 వంతు వేగమును మించినచో చిత్రమున ఒక అంచు నల్లబడును. స్మాష్‌ను ఆపుటకు ఆ వేగము చాలదు. ఆపునది మెరుపు యొక్క క్షణికత్వమే. 1930వ దశకమున అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ తీసిన చిత్రములు దీనినే చూపినవి. చిన్న ఫ్లాష్ శక్తిని 1/8 వంతునకు తగ్గించినచో మెరుపు మరింత పొట్టిదగును, త్వరగా మరల సిద్ధమగును. తగ్గిన వెలుగు కొరకు అట్టివి రెండు మూడు ఒకే స్టాండునకు కట్టవలెను. ఫ్లాష్ లేక తీసిన చిత్రము దాదాపు నల్లగా రావలెను. లేనిచో ట్యూబులైట్ల వెలుగున కాక్‌కు తోక మొలచును!

అంతర్జాతీయ బ్యాడ్మింటన్ పోటీలలో ఫ్లాష్ నిషిద్ధము. మేమును సాధన వేళలందే, ఆటగాండ్ర నడిగియే వెలిగించుచున్నాము.