లండన్ నుంచి మదురై దాకా కంటి లెన్సు

కంటిపాప వెనుక, పలుచని సంచిలాంటి పొరలో ఇమిడి ఉండే సహజ కటకం వయసు మీదపడే కొద్దీ మసకబారి, వెలుతురును లోపలికి సరిగా పోనివ్వని స్థితిని శుక్లం అంటారు. మసకబారిన ఆ కటకాన్ని తీసివేసి, దాని స్థానంలో ప్లాస్టిక్‌తో చేసిన చిన్న కృత్రిమ కటకాన్ని అమర్చడం నేడు మామూలు ఆపరేషనే అయినా, ఈ ఉపకరణం పుట్టి ఇంకా ఎనభై ఏళ్లు నిండలేదు. పుట్టాక కూడా తమిళనాడులోని ధర్మపురి వంటి మెట్టప్రాంతాల కూలినాలి జనానికి అందేంత చౌక కావడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది.

శుక్లానికి చికిత్స మాత్రం ప్రాచీనమైనది. సుశ్రుత సంహిత వర్ణించిన పద్ధతిలో వైద్యుడు శలాకతో కంటిని గుచ్చి చూపుకు అడ్డం తొలగించేవాడు. ఆధునిక కాలంలో కటకాన్ని పూర్తిగా బయటికి తీయసాగారు. ఆ తరువాత కంటికి కటకమే ఉండదు కనుక, ఆ లోటును పూడ్చడానికి జనం సోడాబుడ్డి అద్దాలని పిలిచే దళసరి కళ్లద్దాలు పెట్టుకోవలసి వచ్చేది. వాటిలో వస్తువులు ఉన్నదానికంటే పాతిక శాతం దాకా పెద్దవిగా కనిపించేవి, పక్కచూపు దెబ్బతినేది, అద్దాలు పగిలినా పోయినా చూపు మళ్లీ మొదటికొచ్చేది.

ఈ లోటుకు కంటిలోపలే పరిష్కారం వెదికినవాడు ఆంగ్ల నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల పైకప్పులు పగిలి పైలట్ల కళ్లలో గుచ్చుకున్న పెర్‌స్పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్ ముక్కలు, కదలకుండా ఉన్నంతకాలం, కంటికి వాపు తేవడం లేదని ఆయన గమనించాడు. కంటికి పడే పదార్థం అదేనని నిశ్చయించుకుని, రేనర్ సంస్థ చేత ఆ ప్లాస్టిక్‌తో కటకం చేయించి, 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక మహిళకు చరిత్రాత్మకమైన ఆ శస్త్రచికిత్స ఆరంభించాడు.

కటకం ఆకారాన్ని సహజ కటకాన్ని చూసి నిర్ణయించారు గాని, కాంతిని వంచే గుణం ప్లాస్టిక్‌కు ఎక్కువగా ఉండడం వల్ల రోగికి దూరపుచూపు బాగా మందగించింది. పైగా బరువైన ఆ తొలి కటకాలు కొందరి కళ్లలో చోటు తప్పి జారిపోయేవి. కంటిలోంచి పరాయి వస్తువును తీయడమే తమ పని అని నమ్మిన పెద్ద వైద్యులు, కావాలని ఒకదాన్ని లోపల పెట్టడాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. అయినా తరువాతి తరం వైద్యులు కటకాన్ని తేలిక చేసి, చోటు తప్పకుండా పట్టి ఉంచే సన్నని వంపుకాళ్లు జోడించగా, 1981లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతితో ఈ ఉపకరణానికి అధికారిక గుర్తింపు లభించింది.

భారతదేశానికి వచ్చేసరికి అడ్డంకి వైద్యశాస్త్రానిది కాక, ధరదైంది. తమిళనాడులోని వడమలాపురంలో 1918లో తెలుగువారి ఇంట పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, యువకుడిగా ఉండగానే కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా, తన చేతికి అనువైన పనిముట్లు రూపొందించుకుని కంటి శస్త్రచికిత్సలో ఆరితేరాడు. ప్రభుత్వోద్యోగ విరమణ తరువాత 1976లో మదురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించి, డబ్బు చెల్లించగలిగినవారి రాబడితో లేనివారికి ఉచితంగా వైద్యం చేసే ఏర్పాటు నెలకొల్పాడు. అయితే ఒక్కొక్కటి వంద డాలర్లకు అటూఇటూగా పలికే దిగుమతి కటకాన్ని ఉచిత రోగులందరికీ అమర్చడం సాధ్యం కాక, ఒకే ఆసుపత్రిలో డబ్బున్నవారికి లెన్సు, లేనివారికి సోడాబుడ్డి అద్దాలు అన్న తేడా మిగిలిపోయింది.

ఈ తేడాను చెరపడానికి అమెరికాకు చెందిన డేవిడ్ గ్రీన్ తోడ్పాటుతో 1992లో మదురైలోనే ఆరోలాబ్ అనే తయారీ సంస్థ మొదలై, లెన్సు ధరను సుమారు పది డాలర్లకు, తరువాత ఇంకా తక్కువకు దించింది. ధర తగ్గినంత మాత్రాన పని పూర్తి కాలేదు: సహజ కటకం సంచి వెనుక పొరను చెక్కుచెదరకుండా నిలిపి, సూక్ష్మదర్శిని కింద ఆపరేషన్ చేసే నేర్పును కూడా వైద్యులకు అలవాటు చేయవలసి వచ్చింది. రిడ్లీ ఆలోచన ప్రజావైద్యంగా మారింది ఈ రెండూ కలిసినప్పుడే. మదురైలో తయారైన లెన్సులు నేడు నూరుకు పైగా దేశాలకు ఎగుమతి అవుతున్నాయి.