టెంట్‌లో చలి పైనుంచి కాదు, కిందనుంచి వస్తుంది!

లంబసింగి వీడియో కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే: "అన్నా, ఏ స్లీపింగ్ బ్యాగ్ కొనాలి?" నేను మిమ్మల్ని ఇంకోటి అడుగుతా. కింద ఏం వేసుకుంటున్నారు?

ఎందుకంటే నేనూ ఈ తప్పే చేశా. మొదటిసారి లంబసింగి వెళ్ళినప్పుడు డబ్బంతా బ్యాగ్ మీదే పెట్టేశా. కింద మాత్రం ఇంటికి చుట్టాలొస్తే వేసే గాలి పరుపు. మెత్తగా ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నా. డిసెంబర్‌లో అక్కడ చలి సున్నా దగ్గరకి కూడా పోతుంది. రాత్రి రెండింటికల్లా నడుము, భుజాలు మొద్దుబారిపోయాయి. చివరికి కార్లో కూర్చుని తెల్లారేదాకా గడిపా. మాతో వచ్చిన ఇంకొకడు మాత్రం సన్నటి ఫోమ్ మ్యాట్ మీద గురకపెట్టి నిద్రపోయాడు!

అసలు విషయం ఏంటంటే, బ్యాగ్‌లో వెచ్చదనం ఇచ్చేది దాని దూదిలో ఇరుక్కున్న గాలి. మనం పడుకోగానే వీపు కింద ఆ దూది అణిగిపోతుంది, గాలి పోతుంది. ఇక ఒంట్లో వేడిని నేల లాగేసుకుంటుంది. ఊళ్ళో చలికాలం వరిగడ్డి పరిచి, పైన బొంత వేసుకునేది ఇందుకే. మామూలు గాలి పరుపులో గాలి బోలెడు ఉంటుంది, కానీ మనం కదిలినప్పుడల్లా అదీ కదులుతుంది, వేడి నిలవదు. ఫోమ్‌లో అయితే చిన్న చిన్న గదుల్లో బందీగా ఉంటుంది.

దీన్ని కొలిచే నంబరే ఆర్-వాల్యూ. ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలిచేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే స్టాండర్డ్ వచ్చింది. ప్యాడ్‌కి ఒకవైపు 35 డిగ్రీల ప్లేటు, ఇంకోవైపు 5 డిగ్రీల ప్లేటు పెట్టి, వేడి ప్లేటుని అలాగే ఉంచడానికి ఎంత కరెంటు పడుతుందో చూస్తారు. తక్కువ కరెంటు పడితే ఎక్కువ ఆర్-వాల్యూ. 2 ఉన్న ప్యాడ్‌తో పోలిస్తే 4 ఉన్నదాంట్లోంచి పోయే వేడి సగమే.

నా లెక్క ఇది: లంబసింగి, వంజంగి లాంటి చోట్లకి 3 చుట్టుపక్కల చాలు. కేదార్‌కంఠ లాంటి మంచు ట్రెక్‌కి 5 పైనే చూడండి, అక్కడ ఒళ్ళు చల్లబడిపోతే ప్రాణం మీదకి వస్తుంది. అంత ఖరీదైనది కొనలేమా? రెండు ప్యాడ్‌లు కలపండి, ఆర్-వాల్యూలు కూడుకుంటాయి. 2 ఉన్న ఫోమ్ మీద 3 ఉన్న గాలి ప్యాడ్ వేస్తే 5. పైది పంక్చరైనా కింద ఫోమ్ ఉంటుంది.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వెండి రంగు షీట్‌ని ఒంటి కింద వేసుకుని లాభం లేదు. అది వేడిని తిప్పికొట్టాలంటే మధ్యలో గాలి ఖాళీ ఉండాలి.

ఇంకోటి, బ్యాగ్ మీద రాసే డిగ్రీలు ల్యాబ్‌లో బొమ్మ కింద మ్యాట్ వేసి కొలిచినవి. ఉత్త నేల మీద ఆ లెక్క పనిచేయదు.

కొనేముందు స్పెసిఫికేషన్స్ దాకా స్క్రోల్ చేయండి. ఆర్-వాల్యూ లేకుండా "మైనస్ 10 వరకు వెచ్చగా" అని మాత్రమే రాస్తే, నేనైతే ఆ ట్యాబ్ క్లోజ్ చేసేస్తా.