‘భరించు’, ‘బేర్’: పోలిక ఎక్కడిది?

తెలుగులో ‘భరించు’ అన్నదే ఇంగ్లిష్‌లో ‘బేర్’. ధ్వనీ దగ్గరే, అర్థమూ దగ్గరే. ఈ పోలిక చూపించి ఇంగ్లిష్ సంస్కృతం నుంచే పుట్టిందని చెప్పేవారున్నారు. అది సరికాదు.

ఇంగ్లిష్, జర్మన్, స్వీడిష్ భాషలకు మూలం ఆది జర్మానిక్. సుమారు 2,500 ఏళ్ల కిందట దక్షిణ స్కాండినేవియా, ఉత్తర జర్మనీ ప్రాంతాల్లో మాట్లాడిన ఆ భాషలో గ్రంథాలు లేవు. వారసత్వ భాషలను పోల్చి భాషావేత్తలు ‘బెరనఁ’ అనే క్రియను పునర్నిర్మించారు. మోయడం, కనడం దాని అర్థాలు. ‘బర్త్’, ‘బర్డెన్’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. రాతలో దొరకని రూపం కాబట్టి దాని ముందు నక్షత్రం గుర్తు పెడతారు.

ఆధారాలు మాత్రం గట్టివి. 4వ శతాబ్దపు గోతిక్ బైబిల్ అనువాదంలో ‘బైరన్’, పాత ఇంగ్లిష్‌లో ‘బెరన్’ ఉన్నాయి. గ్రీకు, లాటిన్‌లలో ‘ఫెరో’, సంస్కృతంలో ‘భరతి’. వీటన్నిటి వెనుక ఆది ఇండో-యూరోపియన్ ధాతువు ‘భెర్’ ఉంది. అందులోని ‘భ’ సంస్కృతంలో నిలిచింది, జర్మానిక్‌లో ‘బ’ అయింది. ‘భ్రాతృ’, ‘బ్రదర్’ జంటలోనూ ఇదే వరస. ఇలాంటి మార్పులను జాకబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించారు.

అంటే సంస్కృతం, ఇంగ్లిష్ తల్లీబిడ్డలు కావు, ఒకే వంశంలోని దాయాదులు. తెలుగు సంగతి వేరు. అది ద్రావిడ భాష, దాని సొంత మాట ‘మోయు’. భారం, భరించు, భర్త సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. అరువు వేరు, బంధుత్వం వేరు.