కోలకు ఎదురు కోల

పెద్ద జబ్బు చేసిన మనిషికి మొదట తగ్గేది కండ. కీమోథెరపీ కానీ, డయాలసిస్ కానీ, గుండె ఆపరేషన్ కానీ, వారాల తరబడి మంచాన ఉండేసరికి తొడల్లో, పిక్కల్లో సత్తువ పోతుంది. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలి. బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం. ఆయాసమని నడక మానేస్తారు, మానేసిన కొద్దీ కండ ఇంకా కరుగుతుంది. ఈ సుడిలోకే కుంగుబాటు వచ్చి చేరుతుంది. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరిని డిప్రెషన్ పట్టుకుంటుందని వైద్యుల అంచనా. నిద్ర పట్టదు, అన్నం సయించదు, నలుగురిలోకి వెళ్ళబుద్ధి కాదు. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ ‘నువ్వు కదలొద్దు, పడుకో’ అంటారు. చాలా ఇళ్ళలో ఆ మాటే జబ్బుకు బలమవుతోంది.

రోగికి ఎంత విశ్రాంతి ఇవ్వాలి, ఎంత కదలిక ఇవ్వాలి అన్న లెక్క పాత చిత్తూరు జిల్లాకు కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1912లో మిషనరీ సంఘాల ఉమ్మడి పూనికతో పుట్టింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపారు. అప్పటికి క్షయకు మందు లేదు. శానటోరియం వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, జ్వరం తగ్గాక కొలిచి ఇచ్చే నడక. ఆ కొలతను ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానటోరియంలో మార్కస్ ప్యాటర్సన్ 1905 నుంచి ఒక పద్ధతిలో పెట్టారు. మొదట కొద్ది దూరం నడక, తర్వాత బుట్టలతో మట్టి మోత, ఆపైన పార పని. క్షయను ఓడించింది ఆ నడక అనుకోకూడదు. స్ట్రెప్టోమైసిన్‌తో మొదలై వరసగా వచ్చిన మందులే ఓడించాయి. అయినా కదలికను మందులాగే మోతాదు కట్టి ఇవ్వాలన్న ఆలోచనకు ఆ శానటోరియాలు దారి వేశాయి.

ఆ ఆలోచనకు పరీక్ష తర్వాతి కాలంలో జరిగింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం 1999లో 156 మంది డిప్రెషన్ రోగుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. అందరూ యాభై దాటినవారే. వారానికి మూడుసార్లు కలిసి వ్యాయామం చేసినవారు, పదహారు వారాల తర్వాత, మాత్రలు వాడినవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. అదే బృందం 2007లో 202 మందితో మరో అధ్యయనం వెలువరించింది. జబ్బు లక్షణాలు పూర్తిగా తగ్గినవారు మాత్రలు వాడినవారిలో 47 శాతం, శిక్షకుడి ఎదుట గుంపుగా చేసినవారిలో 45, ఇంట్లో ఒంటరిగా చేసినవారిలో 40, మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 31. గుంపుకీ ఒంటరికీ మధ్య ఉన్న ఐదు శాతాన్ని పట్టుకుని గుంపే గొప్పదని తేల్చడం తొందరపాటు అవుతుంది. అయితే కుంగుబాటు ముందుగా దోచుకునేది లేచి చెప్పులు తొడుక్కునే ఇచ్ఛనే. అది తనలో లేని రోజున మనిషి ఎక్కడినుంచైనా అప్పు తెచ్చుకోవాలి. పదిమంది కలిసే చోట ఆ అప్పు పుడుతుంది.

క్యాన్సర్‌లో తోడు విలువ మరింత స్పష్టంగా కనబడింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందితో నడిచిన ‘ఛాలెంజ్’ ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్ళపాటు శిక్షకులు వెంట ఉండి వ్యాయామం చేయించిన వారిలో ఎనిమిదేళ్ళకు 90 శాతం మంది బతికి ఉన్నారు. వ్యాయామం మంచిదని చెప్పే పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో 83 శాతం. చేయమని కాగితం ఇవ్వడానికీ, వెంట ఉండి చేయించడానికీ మధ్య ఇన్ని ప్రాణాలున్నాయి.

కలిసి కదిలితే ఒంట్లో ఏం జరుగుతుందో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2010లో చూపించారు. పడవ పందేల ఆటగాళ్ళు యంత్రం మీద ఒంటరిగా తెడ్డు వేసినప్పటికంటే, అంతే శ్రమతో జట్టుగా ఒకే లయలో వేసినప్పుడు నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారు. మెదడులో పుట్టే ఎండార్ఫిన్లే కారణమని వారి భావన. అంతకు ముందే, 1996లో, కెనడాలోని వాంకోవర్‌లో డాక్టర్ డాన్ మెకెంజీ రొమ్ము క్యాన్సర్ దాటిన 24 మంది స్త్రీలను, జట్టుగా తెడ్లు వేసే డ్రాగన్ పడవ ఎక్కించారు. ఆపరేషన్ జరిగిన వైపు చేతికి పని చెబితే వాపు వస్తుందని అప్పట్లో అందరికీ భయం. తెడ్డు వేసినా వారికి కొత్తగా వాపు రాలేదు. ఇప్పుడు అలాంటి జట్లు ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

తిరుపతి, చిత్తూరు పల్లెల్లో డ్రాగన్ పడవ పని చేయగలిగింది కోలాటం. పొద్దుగూకాక రామాలయం ముందు ఆడవాళ్ళు రెండు వలయాలు కడతారు. గురువు ఈల వేయగానే కోపు, అంటే అడుగుల వరస, మారుతుంది. కుడి కోల ఎదుటి మనిషికి, ఎడమ కోల పక్క మనిషికి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ కొత్త ముఖం. పాదం, నడుము, భుజం, చూపు అన్నీ ఒకే తాళానికి లోబడాలి. ఒకరు ఆగిపోతే ఎదుటి మనిషి కోల గాలిలో ఊగి వెనక్కి వస్తుంది. ఇంతమంది నడుమ తన చేయి ఒకరికి అవసరమైంది అన్న సంగతి, ఎవరికీ పనికిరానని నమ్మేసుకున్న మనిషికి, ఆ చప్పుడులో తెలుస్తుంది. మరుసటి రోజు ‘ఏంక్కా, నిన్న రాలేదే?’ అని అడుగుతారు. బ్రహ్మోత్సవాల్లో తిరుమల మాడవీధుల్లో వాహనం ముందు ఆడే జట్లలో అరవై దాటినవారూ కనిపిస్తారు. నీరసంగా ఉన్నవారు అరుగు మీద కూర్చుని కోలలు తట్టినా తాళం తప్పదు. ఎగిరి అడుగు వేయాల్సిన చెక్క భజన మాత్రం గుండె రోగులకు, కీళ్ళు అరిగినవారికి తగదు.

ఈ ప్రాంతంలో నడక అనగానే గుర్తొచ్చేది తిరుమల కొండ. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. జబ్బు నయమైతే నడిచి వస్తానని మొక్కుకోవడం ఇక్కడ ఇంటింటి మాట. ఆ మొక్కును కోలుకున్నాక తీర్చుకోవాలి. కోలుకోవడానికి దాన్నే సాధనంగా చేసుకోకూడదు. గుండె జబ్బు, ఉబ్బసం, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, అరవై దాటినవారు నడిచి కొండెక్కవద్దని టీటీడీయే భక్తులకు సూచించింది. వారికి తిరుపతిలోని ప్రకాశం పార్కు, విశ్వవిద్యాలయం మైదానం వంటి చదునైన చోట్లే సరి. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటే ఊళ్ళు కాబట్టి ఉదయం ఏడు కొట్టేలోపు ఇంటికి చేరాలి.

మోతాదు కొలవడానికి గొంతు చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యస్థమైన శ్రమ. క్యాన్సర్ నుంచి కోలుకుంటున్నవారికి వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నడక లాంటిది, రెండుసార్లు కండకు బలమిచ్చేది ఉండాలని 2019లో అంతర్జాతీయ నిపుణులు సూచించారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా అది రెండో రకమే. కీమోతో తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో గుంపులోకి వెళ్ళకూడదు. ఎముకలకు క్యాన్సర్ పాకినవారు బరువులు ఎత్తడం, నడుము తిప్పడం చేయకూడదు. అరికాళ్ళు మొద్దుబారినవారు చెప్పులు లేకుండా నడవకూడదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపాలి. ఎవరికి ఎంత అన్నది వైద్యం చేస్తున్న డాక్టరే చెప్పాలి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర 2022లో తెరిచిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్ళకు దగ్గరలోనే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి ఉంది. మందుల చీటీ మీదే ‘నడక, వారానికి ఇన్నిసార్లు, వీరితో’ అని రాసిచ్చే అలవాటు రావాలి.

డిప్రెషన్ తీవ్రంగా ఉన్నవారికి వ్యాయామం మందుకు తోడే, మందు మానేయడానికి సాకు కాదు. 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, డిప్రెషన్ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. చచ్చిపోవాలనే ఆలోచన వస్తున్నవారు వెంటనే 14416కు, అంటే ప్రభుత్వ టెలీ మానస్‌కు, ఫోన్ చేయాలి; తెలుగులోనే మాట్లాడవచ్చు.

జట్టు పెట్టేవారు ముందే అనుకోవలసిన పని ఒకటుంది. కుంగిన మనిషి రానని చెప్పడు, ఊరికే రావడం మానేస్తాడు. రెండు రోజులు కనిపించకపోతే మూడో రోజు ఆ ఇంటి తలుపు తట్టేది ఎవరో పేరు పెట్టి నిర్ణయించుకోవాలి.