ఔనన్నా కాదన్నా ఒకే మాట!

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో జోల్వా అనే గ్రామం ఉంది. వస్త్ర పరిశ్రమ అల్లుకుపోయిన ఊరు. అటువంటి చోట 'ఫాస్ట్' అనే ఆంగ్లపదానికి రెండు కొలువులు. మగ్గం ఫాస్ట్‌గా నడవాలి. బట్టకు పట్టిన రంగు ఫాస్ట్‌గా ఉండాలి. మొదటి ఫాస్ట్ పరుగెత్తుతుంది. రెండవది ఉన్నచోటు నుంచి కదలదు!

పాలియెస్టర్ బట్టను ఒత్తిడి కింద సుమారు 130 డిగ్రీల వేడినీటిలో ఉంచేది, రంగు పోగులోపలికి చొచ్చుకుపోయి స్థిరపడడానికే. ఆ తరువాత ఉతికి చూస్తారు, తెల్లగుడ్డతో రుద్ది చూస్తారు. ఎంత దిగిందో గమనించి 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. 5 వస్తే మేలిరకం. ఈ పరీక్షాపత్రాన్ని తెనిగించవలసినవాడు నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని నమ్ముకుని 'రంగు వేగం' అని వ్రాశాడనుకోండి. వేగంగా పోయే రంగును ఏ వర్తకుడు కొంటాడు?

నిజానికి ఫాస్ట్‌కు తొలి అర్థం 'గట్టిగా, స్థిరంగా' అనే. గట్టిగా పట్టుకోవడం నుంచి గట్టిగా పరుగెత్తడానికీ, అక్కడి నుంచి వేగానికీ ఆ మాట జరిగిపోయింది. ఇందులో వింతేమీ లేదు. మనం మాత్రం 'గట్టిగా పట్టుకో' అన్న నోటితోనే సైకిలెక్కినవాణ్ణి 'గట్టిగా తొక్కు' అనడం లేదూ? ఉపవాసానికి ఫాస్ట్ అనే పేరు వచ్చిందీ నియమాన్ని గట్టిగా పట్టుకోవడం వల్లనే.

అన్ని మాటల కథా ఇదే కాదు. 'లెట్' అంటే అనుమతించడమని బడిపిల్లలకు కూడా తెలుసు. కాని భారతదేశపు పాస్‌పోర్టు తెరచి చూడండి. రాష్ట్రపతి పేరిట చేసిన అభ్యర్థనలో 'లెట్' గాని ఆటంకం గాని లేకుండా ఈ వ్యక్తిని పోనివ్వమని ఉంటుంది. అక్కడ లెట్ అంటే అడ్డంకి! టెన్నిస్‌లో సర్వు చేసిన బంతి వలను తాకి అవతల పడితే 'లెట్' అనేదీ ఆ అర్థంలోనే. ప్రాచీనాంగ్లంలో ఇవి రెండు వేరువేరు క్రియలు. కాలక్రమాన ఉచ్చారణ అరిగి ఒక్కటయ్యాయి. చీల్చడానికీ అంటిపెట్టుకోవడానికీ చెల్లే 'క్లీవ్' సంగతీ అంతే.

'శాంక్షన్' మరింత ప్రమాదకరమైనది. బ్యాంకులో రుణం శాంక్షనైతే రైతు ఇంట పండుగ. 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షల పిమ్మట అమెరికా మనపై విధించినవీ శాంక్షన్లే. లాటిన్ మూలంలో అది శాసనానికి సంబంధించిన మాట. అనుమతించేదీ దండించేదీ శాసనమే గదా!

రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఉదంతం ఒకటి చర్చిల్ తన యుద్ధచరిత్రలో చెప్పాడు. ఒక పత్రాన్ని తక్షణం చర్చకు తేవాలని బ్రిటిష్ అధికారులు దానిని 'టేబుల్' చేద్దామన్నారు. అమెరికన్ల వాడుకలో టేబుల్ చేయడమంటే పక్కన పెట్టడం. ఉభయుల అభిప్రాయమూ ఒక్కటేనని తేలేలోగా వాదం చాలాసేపు, కొంత ఘాటుగానే సాగిందట.

ఇది ఇంగ్లీషుకే పరిమితమైన జాడ్యమని సంతోషించనక్కరలేదు. మళ్లీ సూరత్‌కే వద్దాం. అక్కడి గుజరాతీలో 'కాల్' అంటే నిన్న, రేపు కూడా. క్రియను బట్టియో, ముందు చేర్చిన 'గఈ', 'ఆవతీ' అనే మాటలను బట్టియో తేల్చుకోవాలి. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలు అనేకం. నిన్నకూ రేపుకూ వేరువేరు మాటలున్న భాషలో పుట్టిన ఆ నేతపనివాడు కూలి సంగతి అడిగినప్పుడు, యజమాని నోట 'కాల్' అని వినగానే తొందరపడితే లాభం లేదు. క్రియ వచ్చేదాకా ఆగాలి.

మన తెలుగూ తక్కువ తినలేదు. ఇంట్లో 'లేవు' అనరాదని పెద్దల పట్టింపు. అందుకే డబ్బా అడుగంటినప్పుడు ఇల్లాలు 'బియ్యం నిండుకున్నాయి' అంటుంది. గాజు చిట్లితే 'పెరిగింది' అంటుంది. గుజరాతీ బడిలో చదువుకుంటున్న తెలుగు పిల్లవాడు ఆ మాట విని, డబ్బా నిండుగా ఉందన్న నమ్మకంతో బజారుకు వెళ్లకుండా ఆడుకోవడానికి పోతే, తప్పు ఎవరిదనాలి?